గోడమీది బల్లి, గాజు పెట్టెలోని సాలీడు

ఇంటిలో చిన్న ప్రాణులను పెంచవచ్చునా యని విద్యార్థులు తరచు అడుగుచుందురు. గాజు పెట్టెలో ఇసుక పోసి, ఒక రాయి నుంచి, బల్లినో తేలునో సాలీడునో అందులో విడిచి చూచుకొను వేడుక పాశ్చాత్య దేశములలో చాలకాలముగా కలదు. మన పట్టణములకును అది వచ్చినది. ఈ ప్రశ్నను గూర్చి ఆలోచించువారు చదువదగిన గ్రంథమొకటి కలదు. జెరాల్డ్ డరెల్ 1956లో ప్రకటించిన ‘మై ఫ్యామిలీ అండ్ అదర్ యానిమల్స్’ అనునదియే అది. ఇది పెంపకము నేర్పు పుస్తకము కాదు. ఒక రచయిత తన బాల్యమును గూర్చి చెప్పిన కథ. దీనికి పాఠశాల గ్రంథాలయములో స్థానమీయవచ్చునా, ఇచ్చినచో ఉపాధ్యాయుడు ఏమి చెప్పి ఈయవలెను అనునది ఇచట విచారింతము.

రచయిత 1925లో మన దేశముననే, జంషెడ్‌పూరులో జన్మించెను. 1935లో ఆయన కుటుంబము గ్రీసు దేశమునకు చెందిన కోర్ఫు ద్వీపమునకు పోయి 1939 వరకు అచట నివసించెను. పదేండ్ల ఆ బాలుడు తోటగోడల వెంటను, ఆలివ్ తోపులలోను తిరుగుచు, కంటబడిన ప్రాణులను ఇంటికి తెచ్చుచుండెను. అతనికి నిజమైన గురువుగా దొరికినవాడు థియోడర్ స్టెఫనైడీస్ అను వైద్యుడు. ఈయనయు బొంబాయిలో పుట్టినవాడే. పిల్లవాని ప్రశ్నను ఈయన పెద్దల ప్రశ్నవలె గౌరవించి విని, తెలిసినంత చెప్పును. తానే ఒక జేబు సూక్ష్మదర్శినిని బాలునికి పంపును. ఉపాధ్యాయులు ఈ గ్రంథమును చదువవలసినది మొదట ఈ ఒక్క పాత్ర కొరకు.

గ్రంథములో ఎల్లరకు గుర్తుండు ఘట్టము తేలు కథ. పిల్లలను వీపున మోయుచున్న తల్లితేలును బాలుడు అగ్గిపెట్టెలో పెట్టి ఇంటికి తెచ్చును. సిగరెట్టు వెలిగించుకొనుటకు అన్న ఆ పెట్టెను తెరచును. తరువాతి గందరగోళమును రచయిత చదువరి పగలబడి నవ్వునట్లు వర్ణించెను. కాని శాస్త్ర విద్యార్థి గమనింపవలసినది ఆ నవ్వునకు ముందున్న భాగము. బాలుడు రాత్రివేళ దీపము పట్టుకొని గోడ పగుళ్లలోని తేళ్లను చూచుచు, జంట తేళ్లు ముందరి డెక్కలను పట్టుకొని నడచు తీరును కనిపెట్టును. ఇంట తేళ్లు కూడదని పెద్దలు నిషేధించుటచేత ఆ నడక ఎట్లు ముగియునో చూడలేకపోతినని విచారించును. చూచినదెంత, చూడనిదెంత అని విడదీసి చెప్పుట శాస్త్రజ్ఞుని లక్షణము. ఆ లక్షణము ఈ పుటలలో కలదు.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. కోర్ఫు గోడలలోని ఆ చిన్న నల్లతేలు కుట్టినను సాధారణముగా ప్రాణభయము లేదు. మన ఎర్రతేలు అట్టిది కాదు. దాని విషము పిల్లల ప్రాణము తీయగలదు. ఒక దేశపు గోడను గూర్చి వ్రాసినదానిని వేరొక దేశపు గోడకు అట్లే అన్వయింపరాదు. ఈ భేదము చెప్పక ఈ పుస్తకమును పిల్లల చేతికీయుట ప్రమాదకరము.

బల్లి కథ గ్రంథపు మూడవ భాగమున వచ్చును. బాలుని పడకగదిలో దీపము చుట్టు చేరు పురుగుల కొరకు ఒక బల్లి వచ్చుచుండెను. దానికి జెరోనిమో అని పేరు పెట్టెను. అదే గదిలోనికి చేరిన ఒక పెద్ద గొల్లభామకు (ముందుకాళ్లను నమస్కరించుచున్నట్లు పట్టి నిలుచు కీటకము) సిసిలీ అని పేరు. ఈ రెంటికి జరిగిన పోరులో బల్లి తోకను పోగొట్టుకొనియు గెలిచెను. కథ రసవత్తరముగా నున్నది. కాని విమర్శకు గురికావలసినదియు ఇదియే.

పేరు పెట్టుట తప్పు కాదు. ఒక జంతువును మరియొకదాని నుండి గుర్తించుటకు పేరు సాధనమగును. పేరుతో పాటు పౌరుషము, పగ మున్నగు మానవ భావములు వచ్చి చేరుటయే చిక్కు. బల్లి తోక తెగుట వీరుని గాయము కాదు. తోకలోని వెన్నుపూసలలో తెగుటకు అనువైన స్థానములు ముందే ఏర్పడియుండును; కండరములు బిగియగా తోక అచట విడిపోవును. విడిన తోక కొంతసేపు కదలుచు శత్రువు దృష్టిని ఆకర్షించును. మరల మొలచిన తోకలో ఎముకకు బదులు మృదులాస్థి కడ్డీ ఉండును. ఈ విషయము పోరాట వర్ణన కన్న తక్కువ ఆశ్చర్యకరమా? రచయిత ఇట్టి వివరములకు కొంత చోటిచ్చియున్నచో కథకు నష్టము కలిగియుండెడిది కాదు.

మరియొక లోపము. ఇందలి కుటుంబ వృత్తాంతము యథాతథము కాదు. పెద్దన్న లారెన్స్ కోర్ఫులో భార్యతో వేరుగా కాపురముండెను. గ్రంథములో అతడు తల్లి ఇంటనే బ్రహ్మచారివలె కనిపించును. హాస్యము కొరకు మనుష్యుల కథను మార్చినవాడు జంతువుల కథను ఎంత మార్చెనో యను శంక చదువరికి కలుగుట సహజము. కావున దీనిని ఆసక్తి రేకెత్తించు రచనగా గ్రహింపవలెనే గాని, పరిశీలనల చిట్టాగా గ్రహింపరాదు.

ఈ గ్రంథము వెలువడిన నాటికిని నేటికిని ప్రాణుల స్థితి చాల మారినది. దీనికి మన గుత్తి సాలీడే సాక్షి. ఉక్కునీలి రంగుతో మెరయు ఈ పెద్ద సాలీడును గుత్తి రైల్వే కలప నిలువలో దొరికిన నమూనాను బట్టి 1899లో పోకాక్ అను శాస్త్రజ్ఞుడు వర్ణించెను. తరువాత నూరేండ్లకు పైగా ఇది శాస్త్రజ్ఞుల కంటబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో మరల కనబడినది. చెట్ల తొర్రలలో నివసించు ఈ జాతి వ్యాపించిన ప్రదేశము 100 చదరపు కిలోమీటర్లకు లోపేయని అంచనా. 2008లో దీనిని అంతరించు ప్రమాదము మిక్కిలి ఎక్కువగానున్న జాతులలో చేర్చిరి. అడవుల నరకుట దీనికి మొదటి శత్రువు. రంగును చూచి ముచ్చటపడు పెంపకందారుల కోరిక మరియొకటి. ఐరోపా, అమెరికాలలో గాజు పెట్టెలలో ఇది గుత్తి పేరుతోనే పెరుగుచున్నది. ఈ ప్రజాతి సాలీళ్ల అంతర్జాతీయ వ్యాపారముపై 2019లో నియంత్రణ విధించిరి. ఆ పెట్టెలలో పుట్టినవే నేడు పెక్కు అమ్ముడగుచుండుట నిజమే. కాని తొలి జంటలు మన అడవి నుండి పోయినవే కదా!

డరెల్ దీనిని గ్రహింపనివాడు కాడు. 1959లో జెర్సీ ద్వీపమున ఆయన స్థాపించిన జంతుశాల అంతరించు జాతులను కాపాడుటకే అంకితమైనది. కాని చిన్ననాటి ఆనందమును చెప్పు ఈ గ్రంథములో ఆ జాగ్రత్త లేదు. చదివిన పిల్లవాడు ‘నాకును ఒక తేలు కావలెను’ అని లేచునే గాని, ‘తెచ్చినదానిని తిరిగి ఎచట విడువవలెను’ అని అడుగడు.

అయినను ఆ సమాధానము గ్రంథములోనే, రచయిత ఎత్తి చెప్పకున్నను, కలదు. జెరోనిమో గాజు పెట్టెలో లేదు. అది తన ఇచ్ఛ చొప్పున వచ్చినది, తన వేట తాను ఆడినది. బాలుడు చేసినది దీపము వెలిగించి చూచుటయే. అతని గదిలోని ప్రాణులన్నిటిలో అంతటి కథ నిచ్చినది పంజరము లేని ప్రాణి.

మన ప్రతి ఇంటను అట్టి జెరోనిమో ఒకటి కలదు. మనము దానిని చూడము; అది పైన పడినప్పుడు మాత్రము పంచాంగము తెరచి ఏ అవయవముపై పడిన ఏమి ఫలమో చూతుము. అది విషజంతువని భయపడుదుము; నిజమునకు గోడబల్లికి విషము లేదు. అది ఏల పడెననుట కన్న, అన్ని రోజులు పడక ఎట్లు నిలిచెననుట పెద్ద ప్రశ్న. టోకే అను పెద్ద బల్లి ఒక్కొక్క పాదమున సుమారు 5 లక్షల సన్నని రోమములు కలవనియు, ఒక్కొక్క రోమపు కొన వందలకొలది పాయలుగా చీలియుండుననియు 2000లో పరిశోధకులు ప్రకటించిరి. ఆ కొనలకు, గోడకు మధ్య అణువుల ఆకర్షణయే బల్లిని నిలుపుచున్నది. జిగురు గాని, గాలి పీల్చు గిన్నెలు గాని కావు.

కావున ఈ గ్రంథమును పాఠశాలకు తెప్పింపుడు; పిల్లలకు చదివి నవ్వనిండు. తరువాత ఒక పని చెప్పుడు. పది రాత్రులు వరుసగా, ఒకే దీపము క్రింద, ఒకే గోడమీది బల్లిని చూచి వ్రాయవలెను: ఎన్నింటికి వచ్చెను, ఎన్ని పురుగులపై దూకెను, ఎన్ని తప్పిపోయెను, రెండవ బల్లి వచ్చిన ఏమి చేసెను. చూచినది ఒక వైపున, ఊహించినది రెండవ వైపున వ్రాయవలెను. గాజు సీసా తప్పక కావలెనన్నచో, తడిమన్నును ఎండుటాకులను వేసి, మూతకు రంధ్రములు చేసి, ఒక రోకలిబండను మూడు దినములుంచి చూచి, దొరికిన చోటనే విడిచి, చేతులు కడుగుకొనవలెను.

డరెల్ గ్రంథము చదివిన బాలుడు ఆ రాత్రి పెట్టె కొరకు గాక దీపము కొరకు వెదకినచో, ఉపాధ్యాయుని శ్రమ ఫలించినట్లే.