మట్టి దిమ్మె సాక్ష్యం: అనంతపురం వడ్డె మేస్త్రీల పనితనం

చెరువులో మన్ను తవ్విన చోట గుంతల మధ్య అక్కడక్కడా మట్టి దిమ్మెలు నిలబడి కనిపిస్తాయి. వాటి నెత్తిన పాత గడ్డి అలాగే ఉంటుంది. తవ్వడం మరచి వదిలేసినవి కావవి. నేల మొదట ఎంత ఎత్తున ఉండేదో చెప్పడానికి వడ్డె మేస్త్రీ కావాలని నిలిపినవి. కొలతకు వచ్చినవాళ్లు దిమ్మె నెత్తి నుంచి గుంత అడుగు దాకా టేపు వేస్తారు. పొడవు, వెడల్పు, లోతు గుణిస్తే చేసిన పని తేలుతుంది, దాన్నిబట్టే డబ్బు. కొలత ముగిశాకే దిమ్మెను పడగొడతారు. బావులు, చెరువులు, కట్టలు గుత్తకు పట్టి బతికిన వడ్డెర కుటుంబాల వ్యాపారం ఈ దిమ్మె చెప్పే లెక్క మీదే నడిచింది.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ ఏ ఏడు పడుతుందో ఏ ఏడు ఎగ్గొడుతుందో తెలియని సీమ అనంతపురం. పడ్డ నీటిని పట్టి నిలపకపోతే బతుకు లేదు. అందుకే 14వ శతాబ్దంలో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయారు పండమేరు వాగుకు అడ్డుకట్ట వేయించి అనంతపురం చెరువు కట్టించాడు. పక్కనే కడప సీమలో పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కించారు. రోజూ వెయ్యి మంది కూలీలు, రాళ్లు తోలే వంద బండ్లు రెండేళ్లు పనిచేస్తే ఆ చెరువు పూర్తయిందని కూడా రాయించారు. ఆ వెయ్యి మందిని నడిపిన పని తెలివి మాత్రం శాసనాలకు ఎక్కలేదు. అది చేతుల్లోనే తండ్రి నుంచి కొడుక్కు వచ్చింది.

ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాల సంపుటాల్లో రాతి పని వడ్డెలను, మట్టి పని వడ్డెలను వేరుగా చెప్పాడు. పెద్ద గుత్త పట్టాలంటే ఈ రెండు విద్యలూ చేతిలో ఉండాల్సిందే. కట్టకు మన్నూ కావాలి, రాయీ కావాలి. పైగా ఇది జంట పని. మగవాడు గడ్డపారతో పెళ్లగిస్తే ఆడమనిషి గంపకెత్తి కట్ట మీదికి మోస్తుంది. మన్ను ఎంత దూరం మోశారు, ఎంత ఎత్తుకు ఎక్కించారు అన్నదాన్నిబట్టి రేటు మారుతుంది. ఇంజనీర్లు లీడు, లిఫ్టు అనేవి ఇవే. అంటే ఆ బిల్లులో సగం లెక్క ఆడవాళ్ల తలమీది బరువుదే. మేస్త్రీ పేరున నడిచిన ప్రతి గుత్తలోనూ అతని భార్య సమ భాగస్వామి.

బావి పని చూస్తే వాళ్ల తెలివి ఎంతటిదో అర్థమవుతుంది. పైన మన్ను, కింద గరుసు, ఇంకా కింద గట్టి బండ. బండ దాకా తవ్వి, అక్కడ మందు పెట్టి పేల్చి లోతుకు పోతారు. పైనున్న మెత్తటి నేల కూలకుండా రాతి కట్టు కట్టాలి. గుండ్రటి బావిలో ప్రతి రాయినీ మన్ను వైపు వెడల్పుగా, నీటి వైపు సన్నగా చెక్కి పేరుస్తారు. మన్ను వెనక నుంచి నెట్టే కొద్దీ రాళ్లు ఒకదాన్నొకటి బిగించుకుంటాయి. సున్నం లేదు, సిమెంటు లేదు. కూల్చాల్సిన బలాన్నే కట్టును నిలిపే బలంగా మార్చిన ఈ నేర్పుకు చేతులెత్తి మొక్కాలి. దిగడానికి మెట్లు కావాలంటే పొడవాటి రాతిని ఎక్కువ భాగం గోడలోకి పెట్టి కొస మాత్రం బయటికి చాపుతారు. పేర్చే ముందు సుత్తితో తట్టి చూస్తారు. ఖంగుమంటే మంచి రాయి, మొద్దుగా పలికితే లోపల చీలిక ఉన్నట్టు.

చెరువు కట్టలో మంచి పనంతా కంటికి కనపడని చోటే ఉంటుంది. మన్నును పలచటి పొరలుగా పరిచి, గడ్డలు చిదిపి, తడిపి, దిమ్మిసతో గట్టిపరచాలి. ఒక్క పొరలో గడ్డలు మిగిలినా ఆ సందు వెంట నీరు దారి చేసుకుంటుంది. కట్ట తెగితే ఏమవుతుందో బుక్కరాయసముద్రం వాళ్లకు, చెరువు కట్ట నిలవడానికి ప్రాణమిచ్చిన ముసలమ్మ కథ చెప్పే ఉంది. నీటి వైపు వాలుకు రాళ్లు పరిచేటప్పుడు రాయి పొడవు కట్ట లోపలికి పోవాలి. పొడవునంతా బయటికి చూపిస్తూ పరిస్తే తక్కువ రాళ్లతో ఎక్కువ చోటు నిండుతుంది, కానీ అలలకు ఆ రాళ్లు ఊడిపోతాయి. రాళ్ల వెనక గరుసు పొర వేయాలి. చెరువు తగ్గేటప్పుడు కట్టలోని చెమ్మ ఆ పొర గుండా బయటికొస్తుంది, మన్ను మాత్రం కదలదు. అడుగు వరస రాళ్లను కాలువ తీసి పాతాలి. అది జారితే పైదంతా జారుతుంది. వీటిలో ఏది ఎగ్గొట్టినా బిల్లు నాటికి తెలియదు. మొదటి పెద్ద వాన చెబుతుంది. అయినా ఎగ్గొట్టని కుటుంబాన్నే పక్క ఊరు కూడా పిలిచింది. వ్యాపారం పెరిగింది ఈ నమ్మకం మీదే.

బోర్లు వచ్చాక బావులు ఎండాయి. గడ్డపార పట్టిన ఇళ్ల పిల్లలు కొందరు ట్రాక్టర్లు, జేసీబీలు కొన్నారు, కొందరు బెంగళూరు కట్టడాలకు పోయారు. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆ పథకానికి మూలమైన చట్టం కాంట్రాక్టర్లనూ, కూలీల పొట్టకొట్టే యంత్రాలనూ దూరం పెట్టింది. కూలి నేరుగా కూలీకి అందడం న్యాయం. కానీ మేస్త్రీకి ఉన్న పని తెలివి మస్టరు రోలులో ఇమడలేదు. కూలీగా అతని పేరు ఎక్కింది, కట్ట తెలిసినవాడిగా ఎక్కలేదు.

ఈ జిల్లాలో చెరువులకు మరమ్మతులు ఇంకా ఎన్నో జరగాలి. అంచనా వేసే ముందు ఇంజనీరు ఊళ్లోని పాత వడ్డె మేస్త్రీ దంపతులను కట్ట మీదికి పిలిచి, నీరు ఎక్కడ ఊరుతుందో, రాయి ఎక్కడ కదిలిందో అడగాలి. ఆ సలహాకు రుసుము ఇవ్వాలి. పని బోర్డు మీద మంజూరైన మొత్తం పక్కనే వాళ్లిద్దరి పేర్లూ రాయాలి.