గాజు వెనుక పాతికేళ్లు

సోలార్ ప్యానెల్ కొనేవాళ్లు ముందు అడిగేది ఎన్ని వాట్లని. నేనైతే తిరగేసి అంచులు చూడమంటాను.

పైన 3.2 మిల్లీమీటర్ల టెంపర్డ్ గాజు. కింద ఈవీఏ అనే పారదర్శకమైన జిగురు పొర, సన్నని వెండి గీతలున్న సిలికాన్ సెల్స్, మళ్లీ ఈవీఏ, అడుగున ప్లాస్టిక్ బ్యాక్‌షీట్. గాలి లాగేసి వేడిమీద అదిమితే అన్నీ ఒకే పలక. కదిలే భాగం ఒక్కటీ లేదు. సిలికాన్ అంత తేలిగ్గా పాడవదు. ముసలితనం ముందు జిగురుకీ టంకానికీ బ్యాక్‌షీట్‌కీ వస్తుంది. తేమ దూరిందా, లోపలి లోహం తుప్పుపడుతుంది. ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టు ఎంత బిగువుగా మూశారన్నదే ప్యానెల్ ఆయుష్షు.

స్విట్జర్లాండ్‌లోని లుగానోలో 1982లో 10 కిలోవాట్ల ప్లాంటు పెట్టారు. యూరప్‌లో గ్రిడ్‌కి కలిపిన మొదటి సోలార్ ప్లాంటు అదే. 35 ఏళ్లయ్యాక పరీక్షిస్తే సగానికి పైగా ప్యానెళ్లు తొలినాటి శక్తిలో 80 శాతం మించి ఇస్తున్నాయి. అయితే లుగానో ఎండ వేరు, రామగుండం ఎండ వేరు. ప్యానెల్ 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి సుమారు 0.35 శాతం పడిపోతుంది. మే నెలలో 65కి చేరితే 14 శాతం పోయినట్టే. డాబాకి ఎత్తుగా స్ట్రక్చర్ వేసి కింద గాలాడనిచ్చిన మేస్త్రీ పనితనాన్నీ లెక్కలో వేయాలి.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసేవి వెనుక జంక్షన్ బాక్సులోని బైపాస్ డయోడ్లు. కొబ్బరి మట్ట నీడ కొన్ని సెల్స్ మీద పడితే కరెంటును ఆ వరుస తప్పించి పంపుతాయి. లేకుంటే నీడలోని సెల్ వేడెక్కి మాడుతుంది.

ఇక డబ్బు. ఏటా అర శాతం చొప్పున తరిగినా 25 ఏళ్లకు 88 శాతం మిగులుతుంది. 3 కిలోవాట్లకు రెండు లక్షలనుకుందాం. పీఎం సూర్యఘర్ సబ్సిడీ 78,000 పోతే 1,22,000. రోజుకు 12 యూనిట్లు, యూనిట్ ఆరు రూపాయలు వేసుకుంటే అయిదేళ్లలోపు పెట్టుబడి తిరిగొస్తుంది. మధ్యలో ఇన్వర్టర్ ఒకసారి మార్చాల్సి రావచ్చు. అది పది పదిహేనేళ్లదే. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా ఉచితంగా వాడుకునే ఇంటికి మాత్రం ఈ లెక్క కుదరదు.