మిరియాల కాలపు నాయిక

కాకతీయ రాణి రుద్రమదేవికి తొలి ప్రేమకథ కట్టింది తెలుగువాడు కాదు, మార్కో పోలో. 13వ శతాబ్దం చివర్లో మోటుపల్లి రాజ్యం గురించి రాస్తూ, పోయిన భర్త మీది ప్రేమతో మళ్లీ పెళ్లాడకుండా నలభై ఏళ్లుగా పాలిస్తున్న రాణి అని ఆమెను మెచ్చుకున్నాడు. శాసనాల ప్రకారం ఆమె గణపతిదేవుడి కూతురు, ఆ మహారాజు విధవ కాదు. ఆడమనిషి గద్దె మీద కూర్చుందంటే వెనక ఓ మొగుడి కథ ఉండాల్సిందేనని ఆ వెనిస్ వర్తకుడికో, అతని చెవిన వేసినవాళ్లకో అనిపించి ఉంటుంది.

చారిత్రక ప్రేమ నవలలు రాసేవాళ్లు ఇప్పటికీ, తమ ఊహను పాత కాలానికి తగిలించే ఆ గోతిలోనే పడుతుంటారు. వస్తువుల విషయంలో పొరపాటైతే దిద్దుకోవడం తేలిక. మిరపకాయ మనకు పోర్చుగీసువాళ్లు వచ్చాక దొరికింది. కాకతీయుల నాటి పులుసుకు కారం కావాలంటే మిరియాలే దిక్కు. నాయిక కాగితం మీద జాబు రాసి గులాబీ జతచేసిందా, ఆ మూడు మాటలూ అరబ్బీ, పారసీల నుంచి వచ్చినవే. తాటాకు, లేఖ, మొగలిరేకు ఉండగా వాటితో పనేముంది? అలాగని పాత్రల చేత తిక్కన నాటి తెలుగు మాట్లాడిస్తే మూడో పేజీకల్లా పుస్తకం మూసేస్తాం. ఈనాటి వాక్యమే రాస్తూ, ఈనాటిదని పట్టిచ్చే మాటను మాత్రం ఏరి పారేయాలి. నేర్పంతా అందులోనే ఉంది.

మనసు సంగతి అంత తేలిక కాదు. అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి' చూడండి. లోకానికి గజదొంగ, లోలోపల రుద్రమకు అండ అయిన వీరుడు, అతని మీద మనసుపడిన అన్నాంబిక. బాపిరాజు చిత్రకారుడు కాబట్టి నగా నట్రా, కోటా పేటా కళ్లకు కట్టాయి. కానీ ఆ పాత్రలు ఆంధ్ర సామ్రాజ్యం గురించి పొంగిపోతుంటే నాకు వినిపించేది 1940ల నాటి సభల చప్పుడు. సహాయ నిరాకరణలో జైలుకు వెళ్లొచ్చినవాడి గుండె అది. నాకైతే అది తప్పనిపించదు. రచయిత తన కాలాన్ని గుమ్మం బయట చెప్పులతోపాటు వదిలి రాలేడు.

నాకు చిరాకు తెప్పించేది వేరే. నాయిక నిండు సభలో లేచి ఆడా మగా సమానమంటుంది, సామంతులంతా చప్పట్లు కొడతారు. ఆ మాటకు ఆమె చెల్లించింది ఏమీ లేదు. అసలు రుద్రమ అలా బతకలేదు. శాసనాల్లో రుద్రదేవ మహారాజు అన్న మగ పేరు మోసింది. కొడుకులు లేక, కూతురి కొడుకు ప్రతాపరుద్రుణ్ణి వారసుణ్ణి చేసుకుంది. సామంతుడు కాయస్థ అంబదేవుడు తిరగబడ్డాడు, ఆ పోరులోనే ఆమె ప్రాణం పోయిందని చరిత్రకారుల ఊహ.

తమాషా ఏమిటంటే, ఆధునికం అని మనం అనుమానించేవి కొన్ని రాతి మీదే ఉన్నాయి. ఇప్పటి అమరావతి ప్రాంతంలోని మల్కాపురం శాసనం 1261 నాటిది. అందులో వైద్యశాల ఉంది, ప్రసూతిశాల ఉంది, ఏ కులంవాళ్లకైనా అన్నం పెట్టే సత్రం ఉంది. వీటిని ఎవరైనా నవలలో పెడితే, ఆ రోజుల్లో ఇవెక్కడివండీ అని అడిగే పాఠకుడు తప్పకుండా ఉంటాడు. బయ్యారం చెరువు తవ్వించింది గణపతిదేవుడి సోదరి మైలమ. ఇలాంటి ఆడవాళ్లను పక్కనపెట్టి, కలువరేకుల కళ్లతో కిటికీ దగ్గర నిట్టూర్చే రాకుమారిని మాత్రం అచ్చమైన చరిత్ర అనుకుంటాం. ఆ నిట్టూర్పును మనం నేర్చుకున్నది కావ్యాల్లోంచి, సినిమాల్లోంచి.

నల్గొండ జిల్లా చందుపట్లలో 1289 నవంబరు నాటి రాయి ఒకటుంది. పువ్వుల ముమ్మడి అనే బంటు, శివలోకానికి వెళ్లిన రుద్రమకూ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని గుడికి భూమి రాసిచ్చాడు. ఆమె ఎలా పోయిందో చెప్పలేదు, తానెంత ఏడ్చాడో చెప్పలేదు, పొలం లెక్క మాత్రం చెప్పాడు. నవల రాయమంటే నేను ఆ బంటు దగ్గర మొదలుపెడతాను.