మొగ దాటే లెక్క

పడవ మీద సముద్రంలోకి వెళ్ళే లెక్క సముద్రపు ఒడ్డున మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. మా వైపు అది ధవళేశ్వరంలో మొదలవుతుంది. కాటన్ బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో ఉన్నవాళ్ళు ఈ అంకెలు విని సామాన్లు సర్దుకుంటారు. పడవ నడిపే సరంగుకి ఇందులో ఇంకో కబురు కూడా ఉంటుంది: దిగువన నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక కదలబోతోంది, నిరుడు వెళ్ళిన దారి ఈ ఏడు ఉంటుందన్న నమ్మకం లేదు.

ధవళేశ్వరం దిగువన గౌతమి పాయ పట్టుకుని కోటిపల్లి, యానాం మీదుగా భైరవపాలెం దగ్గర సముద్రంలో పడి, ఉత్తరంగా తిరిగి, హోప్ ఐలాండ్‌ని ఎడమ చేతి వైపు ఉంచుకుని, దాని కొస చుట్టి కాకినాడ చేరే ప్రయాణం గురించి నేను చెబుతున్నది. మ్యాపు మీద చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఈ దారిలో ఏ నెలా అన్నివిధాలా అనుకూలంగా ఉండదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా తీరం వెంబడి నీటివాలు ఉత్తరానికి ఉంటుంది, పడవని కాకినాడ వైపే తోస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే బ్యారేజీ గేట్లు దించి ఉంటాయి, గౌతమిలో నీళ్ళు పలచబడతాయి, మొగలో ఇసుక మేటలు పైకి తేలతాయి. నవంబరుకి నదిలో నీళ్ళు ఇంకా బాగానే ఉంటాయి. అప్పుడు సముద్రపు వాలు దక్షిణానికి తిరుగుతుంది, ఈశాన్యపు గాలి ఎదురు కొడుతుంది, పైగా తుఫానుల కాలం. 1839 నవంబరు తుఫానులో సముద్రం మీదికొచ్చి కోరంగి రేవుని ముంచెత్తింది. మిగిలిన రేవుని తరవాత మేట కాజేసింది, ఓడలు కాకినాడకి మళ్ళాయి.

అందుకే పాతకాలపు సరుకు పడవలు ఈ మొగల జోలికి పోకుండా ధవళేశ్వరం లాకుల్లోంచి కాకినాడ కాలవలోకి దిగేవి. 1852లో ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొర కాలవల్ని పొలాలకే కాదు, పడవలకి కూడా తవ్వించాడు. ఆ కాలవలు మా జిల్లాలకి జరిగిన గొప్ప మేలు. కాలవలో అలలుండవు, పోటూ పాటూ ఉండవు. సముద్రానికి వెళ్ళేవాడికి ఆ సుఖం లేదు.

మొగ దాటేటప్పుడు చూసుకోవలసింది పాటు. సముద్రం వెనక్కి తీసేటప్పుడు నది నీరు కూడా దానితోపాటు జోరుగా బయటికి దూకుతుంది. బయటినుంచి వచ్చే అల దానికి ఎదురుపడి, నిలువుగా లేచి విరుగుతుంది. చిన్న పడవలు తిరగబడేది అక్కడే. పోటు ఆఖరి ఘడియల్లో, నీరు నిండుగా నిలబడినప్పుడు అదే మొగ చాలా శాంతంగా ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన రోజుల్లో పోటు బలం ఎక్కువ, పాటు విసురూ ఎక్కువే. అష్టమి దాటాక రెండూ నెమ్మదిస్తాయి. పోటు వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. కాబట్టి పంచాంగం ఉన్నవాడికి వేళ దొరుకుతుంది. నాకు ఈ విద్య ఓనమాలు నేర్పిన పెద్దాయన ఎంత తొందరపెట్టినా కదిలేవాడు కాదు. "ఇయ్యాళొద్దండి. దశమి దాటనియ్యండి, పాటు మెత్తబడుద్ది," అనేవాడు. ఆయన నేర్పినవాటిల్లో నేను అన్నిటికన్నా విలువిచ్చేది ఇలా వేచి ఉండడాన్నే.

దారి పట్టడానికి ఆయన ఒడ్డు మీద ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు గుర్తులు చూసుకునేవాడు. దగ్గరలో ఒంటి తాడిచెట్టు, దాని వెనక దూరంగా ఒక టవరు. రెండూ ఒకే గీతలో కనబడుతున్నంతసేపూ పడవ దారిలో ఉన్నట్టే. ఒడ్డుకి ఎదురుగా వస్తున్నప్పుడు టవరు చెట్టుకి ఎడమగా జరిగిందంటే వాలు మనల్ని ఎడమకి లాగేసిందన్నమాట. చుక్కాని సర్ది పడవని కుడికి తేవాలి. లోతు తగ్గిన చోట వెదురుగడ దించి, పైకి తీసి, కొసకి అంటింది వేళ్ళతో నలిపి చూసేవాడు. జిగట బురదైతే పాత పాయలోనే ఉన్నాం. గరగరలాడే ఇసుకైతే మేట దగ్గరికి వచ్చేశాం.

ఇప్పుడు చేతిలో జీపీఎస్ ఉంది, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అలల ఎత్తుని ముందే చెబుతోంది. రెండూ ప్రాణాలు కాపాడేవే, రెండూ ఉండాల్సిందే. అయితే జీపీఎస్‌లో దాచుకున్న నిరుటి దారి నిరుటి మొగదే. వరద వచ్చి వెళ్ళాక దాన్ని నమ్మి చీకట్లో రేవుకి తిరిగొచ్చేవాళ్ళని తలుచుకుంటే నాకు భయం వేస్తుంది.

వరద తీశాక ఏటా మన జాలర్లే ముందుగా వెళ్ళి గడలతో కొత్త పాయ వెతుకుతారు. ఆ దారి వాళ్ళ మధ్య నోటిమాటగానే ఉండిపోతుంది. వాళ్ళకి తగిన కూలి ఇచ్చి, ఆ లోతులూ గుర్తులూ రాయించి, భైరవపాలెంలోనూ అంతర్వేదిలోనూ కాకినాడ ఫిషింగ్ హార్బర్లోనూ తెలుగులో బోర్డు మీద పెట్టాలి. పడవ ఏ మొగలోంచి వెళ్ళిందో, ఏ పోటుకి తిరిగి రావాలో ఒడ్డున ఒకరి దగ్గర రాసి ఉండాలి. పెద్ద ఖర్చేమీ కాదు. వచ్చే వరద తీయగానే మొదలుపెట్టొచ్చు.