విస్తరి వేశారు, వడ్డన కాలేదు

పదిహేను జీబీల లాగ్ ఫైలు చేతికిచ్చి అందులో ఒక్క ఎర్రర్ వెతకమంటే, కొత్తగా చేరిన కుర్రాళ్లు ముందు చేసే పని ఫైలు మొత్తాన్ని మెమరీలోకి లాగడం. ఎనిమిది జీబీల లాప్‌టాప్ కాసేపు మూలిగి ఊరుకుంటుంది. అప్పుడు ఎమ్‌మ్యాప్ సంగతి ఎత్తుతాను.

ఎమ్‌మ్యాప్ పిలవగానే లైనక్స్ మామూలుగా ఫైల్లోంచి ఏమీ చదవదు. ప్రోగ్రామ్ అడ్రసుల్లో పదిహేను జీబీల జాగా రాసిచ్చి ఊరుకుంటుంది. విస్తరి వేశారు, వడ్డన కాలేదు. ప్రోగ్రామ్ అందులో ఏ బైటునో తాకితే ప్రాసెసర్ అక్కడే ఆగి కెర్నల్‌ని పిలుస్తుంది. దీన్నే పేజీ ఫాల్ట్ అంటారు. కెర్నల్ డిస్కు మీంచి ఆ పేజీని తెచ్చిపెడుతుంది. మన ఇంటెల్ యంత్రాల్లో పేజీ అంటే 4096 బైట్లు. పనిలో పనిగా పక్క పేజీలూ కొన్ని తెస్తుంది. ఆగిన చోటు నుంచి ప్రోగ్రామ్ ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. టాప్ కమాండ్ తెరిచి చూపిస్తే కుర్రాళ్ల కళ్లు పెద్దవవుతాయి: రాసిచ్చిన జాగా చూపే విర్ట్ కాలమ్‌లో పదిహేను జీబీలు, నిజంగా మెమరీలో ఉన్నది చూపే రెస్ కాలమ్‌లో కొద్ది ఎంబీలే.

32 బిట్ల రోజుల్లో ఇంత దర్జా లేదు. అడ్రసులే మొత్తం 4 జీబీలు. ఎమ్‌మ్యాప్ మీద నడిచే అప్పటి మాంగోడీబీ డేటాబేసు 32 బిట్ల యంత్రం మీద 2 జీబీల డేటా దగ్గరే ఆగిపోయేది.

అయితే మామూలు రీడ్ కాల్‌తో చదివేటప్పుడు ఎర్రర్ వస్తే మైనస్ ఒకటి చేతికొస్తుంది, చూసుకోవచ్చు. ఎమ్‌మ్యాప్‌లో ఆ అవకాశం లేదు. మనం చదువుతుండగానే పాత లాగులను పక్కకి తీసే లాగ్‌రొటేట్ వచ్చి, దానికి కాపీట్రంకేట్ ఆప్షన్ పెట్టి ఉంటే, ఫైలుని సున్నాకి కోసేస్తుంది. తర్వాత తాకిన పేజీ దగ్గర కెర్నల్ నుంచి సిగ్‌బస్ సిగ్నల్, ప్రోగ్రామ్ హుళక్కి. పడిన లైను చూస్తే ఒట్టి కూడికో పోలికో ఉంటుంది. అక్కడ డిస్కు జోలి ఉందని ఎవరికి తడుతుంది?

రాసేటప్పుడు ఇంకా చిక్కు. మార్చిన పేజీని డిస్కుకి ఎప్పుడు పంపాలో కెర్నల్ తన వీలు చూసుకుంటుంది. మన ట్రాన్సాక్షన్ పూర్తయిందా అని అడగదు. డేటాబేసుల్లో ఎమ్‌మ్యాప్ వాడతారా అని డేటాబేసు పరిశోధకుడు ఆండ్రూ పావ్లో బృందం 2022లో ఒక పేపరే రాసింది. మాంగోడీబీ 2019లో వచ్చిన 4.2తో పాత ఎమ్‌మ్యాప్ ఇంజిన్‌ని తీసేసింది. నాకు నచ్చే పద్ధతి ఎల్‌ఎమ్‌డీబీ అనే డేటాబేసుది: మ్యాప్‌ని చదవడానికి మాత్రమే తెరిచి, రాతలు మామూలు రైట్‌తోనే కానిస్తుంది. మారని ఫైలైతే నేనూ కళ్లు మూసుకుని మ్యాప్ చేస్తాను. రొటేట్ అయ్యే లాగ్ అయితే రీడ్, ఒక మెగాబైటు బఫర్ చాలు.