ప్రహేళిక రసవిరోధియేనా? – ‘ప్రొఫెసర్ లేటన్’ ఆటలలో కథ, చిక్కుప్రశ్న

పొడుపుకథకు కావ్యంలో చోటుందా అన్న ప్రశ్న మన ఆలంకారికులకు కొత్తది కాదు. దండి కావ్యాదర్శం మూడవ పరిచ్ఛేదంలో పదహారు ప్రహేళికా భేదాలను పేర్కొని, గోష్ఠీవినోదాలలో వాటికి ప్రయోజనముందని అంగీకరించాడు. 14వ శతాబ్దికి చెందిన విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో అంతటి ఉదారత చూపలేదు. రసానికి అడ్డు తగులుతుంది కాబట్టి ప్రహేళికను అలంకారంగానే పరిగణించనన్నాడు. దండి చూపు సభ మీద ఉంది, విశ్వనాథుని చూపు సహృదయుని మనఃస్థితి మీద ఉంది. ప్రశ్నకు జవాబు వెదికే బుద్ధి, కథలో లీనమయ్యే హృదయం ఒకే క్షణంలో పనిచేయగలవా అన్నది విశ్వనాథుని తీర్పు వెనుక ఉన్న అసలు సందేహం. ఆ సందేహాన్ని పరీక్షించడానికి అనువైన సామగ్రి చేతిలో ఇమిడే ఆటయంత్రాల కోసం జపానులో తయారైన ‘ప్రొఫెసర్ లేటన్’ అనే వీడియో ఆటల వరుసలో దొరుకుతుంది. ఆ వరుసలోని మొదటి మూడు ఆటలకు మాత్రమే ఈ వ్యాసం పరిమితం.

ఫుకువోకా నగరానికి చెందిన లెవెల్-5 సంస్థ 2007 ఫిబ్రవరిలో నింటెండో డీఎస్ యంత్రంపై మొదటి ఆట ‘క్యూరియస్ విలేజ్’ను జపానులో విడుదల చేసింది. అదే ఏడాది నవంబరులో రెండవది, 2008 నవంబరులో మూడవది వచ్చాయి. ఈ ఆటల పుట్టుకలోనే మన చర్చకు పనికివచ్చే విషయం ఒకటి ఉంది. సంస్థాధిపతి అకిహిరో హినోకు ప్రేరణ ఒక కథ కాదు, ఒక చిక్కుప్రశ్నల గ్రంథమాల. మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు అకిరా తాగో 1966 నుండి వెలువరించిన ‘అతామా నో తైసో’ పుస్తకాలు (‘తలకు కసరత్తు’ అని ఆ పేరుకు అర్థం) జపానులో బహుళ ప్రచారం పొందాయి. ఆ తాగోనే ఆటలకు ప్రశ్నలు సమకూర్చాడు. అంటే ఇక్కడ ప్రశ్నలు ముందు, కథ తరువాత. కావ్యంలో ప్రహేళికను చొప్పించడం కాదిది, ప్రహేళికల గుత్తికి కావ్యాన్ని దారంగా పేనడం.

కథానాయకుడు హెర్షెల్ లేటన్ లండనులో పురావస్తుశాస్త్ర ఆచార్యుడు. పొడవాటి టోపీ ఎన్నడూ తీయడు. ల్యూక్ అనే బాలుడు అతని శిష్యుడు. వారు ఒక ఊరికి వెళతారు, ఎదురైన ప్రతి మనిషీ ఏదో ఒక చిక్కుప్రశ్న అడుగుతాడు. మొదటి ఆటలో ఇటువంటివి 130కి పైగా ఉన్నాయి. డీఎస్ యంత్రానికి రెండు తెరలు. ప్రశ్న రాగానే అంతవరకు కనబడుతున్న వీధి, మనుషులు రెండు తెరల నుండీ తొలగిపోతారు. పై తెరపై ప్రశ్నపాఠం, కింది తెరపై జవాబు రాయవలసిన చోటు మిగులుతాయి. రసభంగాన్ని ఇంతకన్నా స్థూలంగా చూపడం కష్టం. పైగా ప్రశ్నకూ సందర్భానికీ పొత్తు తరచుగా ఉండదు. మూడు తోడేళ్లను, మూడు కోడిపిల్లలను తెప్పపై ఏరు దాటించాలి, ఏ ఒడ్డునా తోడేళ్ల సంఖ్య మించకూడదు. పులి, మేక, గడ్డిమోపు పొడుపు విని పెరిగిన తెలుగువారికి ఇది పాత చుట్టమే. కాని హత్య జరిగిందంటున్న భవనంలో తిరుగుతున్నవారికి మధ్యలో ఈ తెప్ప ఎందుకు? ఔచిత్యదృష్టితో చూస్తే ఈ ఆటను ఇక్కడే పక్కన పెట్టవచ్చు. నేనూ మొదటి పఠనంలో (ఆడటాన్ని పఠనమనే అంటాను, చదవవలసినది అంత ఉంది) అలాగే భావించాను.

మొదటి ఆట ముగింపు ఆ అభిప్రాయాన్ని తలకిందులు చేస్తుంది. సెయింట్ మిస్టీర్ గ్రామంలో మరణించిన ప్రభువు రైన్‌హోల్డ్ ‘బంగారు ఆపిల్’ కనుగొన్నవారికే తన ఆస్తి చెందుతుందని వీలునామా రాశాడు. వెదుకులాట చివర తేలేదేమిటంటే, ఆ ఊరివారు దాదాపు అందరూ యంత్రాలు. ప్రభువు తన కూతురు ఫ్లోరాకు రక్షణగా బ్రూనో అనే నిపుణుడి చేత వారిని చేయించాడు. ఆమె బాధ్యత స్వీకరించదగిన బుద్ధిమంతుణ్ణి గుర్తించడానికే వారు వచ్చినవారినల్లా ప్రశ్నలడుగుతారు. బంగారు ఆపిల్ అంటే ఫ్లోరాయే. అంతవరకు దోషాలుగా లెక్కపెట్టినవన్నీ ఆధారాలుగా మారిపోతాయి. మనుషులు వేళాపాళా లేకుండా ప్రశ్నలెందుకు అడిగారు? సేవకుడు రామోన్ మాయమై, ఏమీ జరగనట్టు ఎలా తిరిగివచ్చాడు? రాత్రివేళ పెద్ద సంచితో తిరిగే మనిషి ఎవరు? చెడిపోయిన యంత్రాలను మరమ్మతుకు తీసుకుపోయే బ్రూనో. ఔచిత్యలోపమే ఇతివృత్తానికి తాళంచెవి అయింది. చిక్కుప్రశ్నల పుస్తకానికి కథ తొడగవలసివచ్చిన రచయిత, ఆ తొడుగు అతకడం లేదన్న వాస్తవాన్నే కథావస్తువుగా చేసుకున్నాడు. ఈ వరుసలో కథానిర్మాణపరంగా ఇంతటి సాహసం మళ్లీ కనబడదు.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. నిధిని తీసుకుంటే ఊళ్లోని యంత్రాలన్నీ ఆగిపోతాయి. తీసుకోవాలా వద్దా అన్న ఆ నిర్ణయాన్ని ఆట మనకు ప్రశ్నగా ఇవ్వదు. దృశ్యంగా చూపుతుంది, నిధిని అక్కడే వదిలివేస్తారు. నూరుకు పైగా ప్రశ్నలడిగిన గ్రంథం, నిజంగా ధర్మసంకటం ఎదురైనచోట ప్రశ్నించడం మానేసింది. తర్కానికి లొంగేవి వేరు, లొంగనివి వేరు అన్న విభజన అప్పటికే రచయిత మనసులో ఉన్నదనడానికి ఇది సూచన.

రెండవ ఆట గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఫోల్సెన్స్ పట్టణంలో చూసిన వింతలకు గనిలోంచి వెలువడే వాయువు కలిగించిన భ్రాంతి కారణమని చివర తేలుతుంది. అపరాధపరిశోధన కథకు పాఠకుడితో ఒక ఒప్పందం ఉంటుంది: కంటికి చూపినది నిజం, దాని అర్థం మాత్రమే దాచబడింది. అంతా భ్రాంతి అనడం ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకోవడమే. పైగా, ప్రశ్నలడిగే అలవాటుకు మొదటి ఆటలో దొరికిన కారణం ఇక్కడ లేదు. అది వట్టి ఆచారంగా మిగిలింది.

భాష విషయమూ ఒక మాట. ఈ పరిశీలనకు ఆధారం ఇంగ్లీషు రూపాలు. జపాను మాటల పొందికపై ఆధారపడిన ప్రశ్నలను అనువాదంలో తొలగించి వేరేవి చేర్చారు. కథ అనువాదానికి లొంగింది, ప్రశ్న లొంగలేదు. మన పొడుపుకథలలో శ్లేషపై నిలిచినవాటిని మరో భాషలోకి తేబోయినవారెవరికైనా ఇది అనుభవమే.

విశ్వనాథుని తీర్పుకు నిజమైన పరీక్ష మూడవ ఆట. అమెరికాలో ‘అన్‌వౌండ్ ఫ్యూచర్’ అనీ, బ్రిటనులో ‘లాస్ట్ ఫ్యూచర్’ అనీ దీనికి పేర్లు. పదేళ్ల తరువాతి లండనుకు వచ్చామని లేటన్, ల్యూక్ అనుకుంటారు. అది భూగర్భంలో కట్టిన నకిలీ నగరం. ఈ కుట్ర మూలాలు పదేళ్ల కిందటి ఒక ప్రయోగశాల ప్రమాదంలో ఉన్నాయి. కాలయంత్రం పేలిన ఆ ప్రమాదంలో లేటన్ ప్రేమించిన క్లేర్ మరణించింది. అతడు ఆచార్యుడైన సందర్భంలో టోపీ బహూకరించినది ఆమే. రెండు ఆటల పొడుగునా హాస్యచిహ్నంగా కనబడిన టోపీ ఇక్కడ కరుణకు ఆలంబనమవుతుంది. సెలెస్టె పేరుతో వెంట తిరిగిన స్త్రీ క్లేరేనని, పేలుడులో పదేళ్లు ముందుకు విసిరివేయబడిందని, తిరిగి ఆ మృత్యుక్షణానికే పోక తప్పదని చివర తెలుస్తుంది. ఆమె వెళ్లిపోతుంది. లేటన్ టోపీ తీస్తాడు. ఆ వీడ్కోలులో ఒక్క చిక్కుప్రశ్న కూడా లేదు.

ప్రతి చిక్కుకూ జవాబుంటుందన్నది ఈ ఆచార్యుడి స్థిరవిశ్వాసం. ఆ విశ్వాసం చెల్లని ఒకే ఒక్క చోట ఆట మౌనం వహించింది. కాబట్టి ప్రహేళిక రసవిరోధి అన్న విశ్వనాథుని మాటను ఈ ఆట ఖండించదు, అంగీకరించి వాడుకొంటుంది. ప్రశ్నల ధార ఎంత ఎడతెగనిదైతే అది ఆగిన క్షణం అంత బరువెక్కుతుంది. అందువల్ల ప్రహేళిక తానుగా రసపోషకం కాకున్నా, దాని విరమణ రసవ్యంజకం కాగలదు. దండి గాని విశ్వనాథుడు గాని ఈ మూడవ అవకాశాన్ని చర్చించలేదు. వారి ముందున్నది విడి పద్యం, వందల ప్రశ్నల పరంపర కాదు.

అటువంటి పరంపర మనకు బేతాళకథలలో ఉంది. అక్కడ ప్రశ్న కథలోంచే పుడుతుంది, అది ధర్మసందేహం. తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే శవం చెట్టెక్కుతుంది. లేటనుకు అటువంటి నిర్బంధం లేదు, తప్పు చెప్పినా కొన్ని ‘పికారట్లు’ అనే గుణాంకాలు పోతాయంతే. అయినా రెండింటి చివరా ఒకటే జరుగుతుంది. సంస్కృత సంప్రదాయంలోని చివరి కథకు రాజు జవాబు చెప్పలేక మౌనంగా నడుస్తాడు, ఆ మౌనంతోనే బేతాళుడి పంతం ముగుస్తుంది. ‘చందమామ’ బేతాళకథలు ఇరవై అయిదుతో ఆగక దశాబ్దాల పాటు కొనసాగాయి. అందులో విక్రమార్కుడికి ప్రతి నెలా జవాబు తెలియవలసిందే, శవం ప్రతి నెలా చెట్టెక్కవలసిందే. ధారావాహికకు మౌనం గిట్టుబాటు కాదు. లేటన్ ఆటలకూ అదే ఇక్కట్టు వచ్చింది. మూడవ ఆటలో మౌనాన్ని చేరుకున్నాక ముందుకు పోవడానికి దారి లేక, 2009లో వచ్చిన నాలుగవ ఆట మొదటి కథకు మూడేళ్లు వెనక్కు వెళ్లి మొదలయింది. అప్పటికే క్లేర్ లేదు, టోపీ మాత్రం లేటన్ తలపైనే ఉంది. వీధిలో ఎదురైనవారు మళ్లీ ప్రశ్నలడగడం మొదలుపెడతారు.