వేగపు బోర్డుమీది అంకె – ఒక విమర్శ

రహదారి ప్రక్కన నాటిన బోర్డుమీద ఎర్రని అంచుగల వృత్తములో ఒక అంకె ఉండును. దానిని మనము ఆజ్ఞగా చదువుదుము. పాటించినవాడు మంచివాడనియు, మీరినవాడు దోషి అనియు తీర్పు చెప్పుదుము. ఆ అంకె ఎక్కడనుండి వచ్చినది, నిర్ణయించినవారు దేనిని కొలిచి నిర్ణయించినారు అను ప్రశ్న మాత్రము సామాన్యముగా వేయము. సైన్సు చదువుకొన్నవారు వేయవలసిన మొదటి ప్రశ్న అదియే.

2018 ఏప్రిల్ 6వ తేదీన కేంద్రప్రభుత్వము మోటారు వాహనాల చట్టము క్రింద ఒక నోటిఫికేషను వెలువరించినది. దాని ప్రకారము కార్లకు ఎక్స్‌ప్రెస్ వేలమీద గంటకు 120 కిలోమీటర్లు, నడుమ డివైడరుగల నాలుగు వరుసల రోడ్లమీద 100, పురపాలక సంఘముల పరిధిలో 70, తక్కిన రోడ్లమీద 70 గరిష్ఠ వేగములు. రాష్ట్రములు వీనిని తగ్గించుకొనవచ్చును. ఇంజన్లు మెరుగైనవి, రోడ్లు మెరుగైనవి, కాబట్టి వేగము పెంచవచ్చును అనునది దీనికి చెప్పిన కారణము. ఒక ప్రమాద బాధితురాలి నష్టపరిహారపు కేసును విచారించుచు మద్రాసు హైకోర్టు 2021లో ఈ నోటిఫికేషనును కొట్టివేసినది. ఇంజన్లు, రోడ్లు బాగుపడినంత మాత్రమున, వాహనము నడపువారి నడవడి బాగుపడనప్పుడు, వేగము పెంచుట తగదని అభిప్రాయపడినది. చట్టపు సంగతి న్యాయవాదులకు వదలి, ఆ కారణములోని శాస్త్రమును మాత్రము మనము పరిశీలింతము.

ఇంజను మెరుగైనది, నిజమే. రోడ్డు మెరుగైనది, అదియు నిజమే. మెరుగుపడనిది ఇంకొకటి ఉన్నది. అది మనిషి శరీరము. మన పుర్రె, ప్రక్కటెముకలు, వెన్నుపాము మన తాతలనాడు ఎంత దెబ్బకు ఓర్చుకొన్నవో నేడును అంతకే ఓర్చుకొనును. మనిషి కన్ను అపాయమును చూచి, మెదడు గ్రహించి, కాలు బ్రేకుమీదికి పోవుటకు పట్టుకాలము కూడ తగ్గలేదు. నోటిఫికేషను వాహనమును కొలిచినది, రోడ్డును కొలిచినది. కొలువవలసిన మూడవ వస్తువును వదలివేసినది.

లెక్క వేసి చూతము. డ్రైవరు అపాయమును గుర్తించి బ్రేకు త్రొక్కుటకు ఒక సెకండు పట్టుననియు, పొడి రోడ్డుమీద మంచి బ్రేకులు సెకండుకు సెకండుకు 7 మీటర్ల చొప్పున వేగమును తగ్గించుననియు అనుకొందము. గంటకు 80 కిలోమీటర్ల వేగముతో వచ్చు కారు బ్రేకు పడులోగా 22 మీటర్లు, పడిన తర్వాత 35 మీటర్లకు కొంచెము పైగా పోయి, 58 మీటర్లలోపల ఆగును. అదే స్థలములో 100 కిలోమీటర్ల వేగముతో వచ్చు కారు సంగతి ఏమి? అది బ్రేకు పడులోగానే 28 మీటర్లు పోవును. మిగిలిన 30 మీటర్లలో దాని వేగము కొంత తగ్గును. మొదటి కారు పూర్తిగా ఆగిన చోట ఈ రెండవ కారు ఇంకను గంటకు 67 కిలోమీటర్ల వేగముతో పోవుచుండును.

విద్యార్థులు ఈ ఫలితమును స్వయముగా సాధించి చూడవలెను. బోర్డుమీద పెరిగినది 20 కిలోమీటర్లే. రోడ్డు దాటుచున్న మనిషికి మాత్రము తేడా 20 కాదు, 67. స్వేచ్ఛగా పడు వస్తువు ఈ వేగమును అందుకొనవలెనన్న సుమారు 18 మీటర్ల ఎత్తునుండి, అనగా ఆరంతస్తుల మేడమీదనుండి పడవలెను. వేగము రెండింతలైన గతిజశక్తి నాలుగింతలగునని మనము తరగతిలో చెప్పుదుము, నల్లబల్లమీద లెక్క చేయింతుము, మార్కులు వేయుదుము. ఆ సూత్రము మన పాఠశాల గేటుముందరి రోడ్డుమీద ఎట్లు పనిచేయుచున్నదో మన పాఠ్యపుస్తకములు అడుగవు.

స్వీడను దేశపు పార్లమెంటు 1997లో ఆమోదించిన రహదారి విధానము ఈ ప్రశ్ననే మొదట వేసినది. పాదచారులు, వాహనములు కలిసి తిరుగుచోట 30. కార్లు ఒకదాని ప్రక్కభాగమును మరొకటి ఢీకొనగల కూడళ్ళలో 50. ఎదురెదురుగా ఢీకొనగల రోడ్లమీద 70. ఈ మూడు విధముల ఢీకి అవకాశమే లేనిచోట 100, అంతకు పైన. ఈ అంకెలు శరీరపు ఓర్పునుండి పుట్టినవి. మన నోటిఫికేషనులో పట్టణపు పరిధికి ఇచ్చిన అంకె 70. అక్కడ ఎదురెదురు ఢీకి తగినదని ఎంచిన అంకెను మనము కూరగాయల బజారుకు నడిచిపోవు మనిషి పాలికి విడిచితిమి.

మన ప్రాంతపు రోడ్లు ఎట్టివో పాఠకులకు తెలియును. మదనపల్లె వైపునుండి, చిత్తూరు వైపునుండి తిరుమలకు నడిచివచ్చు భక్తులు రోడ్డు అంచునే బారులు తీరి నడుతురు. తోతాపురి మామిడికాయల కాలములో ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీలముందు వరుసలు కట్టును. పాకాల, పూతలపట్టు, చంద్రగిరి, రేణిగుంట ప్రాంతములలో ఊరికిని బడికిని నడుమ రహదారి పోవుచున్నది. 2017 ఏప్రిల్ 21న ఏర్పేడు పోలీసు స్టేషనుముందు, ఇసుక త్రవ్వకములమీద ఫిర్యాదు చెప్పుకొనుటకు వచ్చిన మునగలపాళ్యము రైతులమీదికి లారీ దూసుకుపోయి పదిమందికి పైగా చనిపోయినారు. వారెవరును ప్రయాణము చేయుచున్నవారు కారు.

ఇట్టి ఘటనల తర్వాత పత్రికలలో కనిపించు మాట ఒకటే: అతివేగము, డ్రైవరు నిర్లక్ష్యము. కేంద్రప్రభుత్వపు నివేదిక ప్రకారము 2022లో దేశములో రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించినారు. అందులో 71 శాతమునకు కారణము అతివేగమని వ్రాసినారు. వేగము చంపునన్న మాట సత్యమే. కాని ఈ వర్గీకరణను శాస్త్రీయమైన కొలతగా తీసుకొనరాదు. ప్రమాదము జరిగిన తర్వాత పోలీసులు పూరించిన పత్రములనుండి ఇది వచ్చినది. చాలచోట్ల వేగమును కొలిచిన సాధనమేదియు లేదు. పైగా ‘అతివేగము’ అని వ్రాయగానే నేరము డ్రైవరుది, విచారణ ముగిసినది. ఆ రోడ్డుకు ఆ పరిమితి తగునా, మలుపు అమరిక సరియైనదేనా, కాలిబాట ఎందుకు లేదు అను ప్రశ్నలు అక్కడితో ఆగిపోవును.

ఘాటురోడ్లలో ఈ లోపము మరింత స్పష్టముగా కనిపించును. 2022 మార్చి 26 రాత్రి ధర్మవరమునుండి నిశ్చితార్థమునకు తిరుపతి వైపు వచ్చుచున్న పెండ్లివారి బస్సు భాకరాపేట ఘాటులో లోయలో పడి ఏడుగురికి తక్కువకాకుండ చనిపోయినారు. 2024 సెప్టెంబరు 13న బంగారుపాళ్యము దగ్గర మొగిలి ఘాటులో ఆర్టీసీ బస్సు, లారీలు ఢీకొని మరల అంతమంది పోయినారు. ఆ రెండు ఘటనల కారణములను నిర్ణయించుట మన పని కాదు. ఘాటు దిగు ప్రతి బరువు వాహనమునకును వర్తించు సూత్రమును మాత్రము చెప్పుకొందము. 20 టన్నుల లారీ 300 మీటర్ల ఎత్తు దిగినచో అది కోల్పోవు స్థితిజశక్తి దాదాపు 5 కోట్ల 90 లక్షల జౌళ్ళు. 30 డిగ్రీల వెచ్చదనముగల నీటిని 200 లీటర్లు మరిగే స్థితికి తెచ్చుటకు ఈ శక్తి చాలును. తక్కువ గేరులో మెల్లగా దిగినచో ఇంజను అందులో చాల భాగమును భరించును. లేనిచో వేడి అంతయు బ్రేకులలోనే చేరును. వేడెక్కిన బ్రేకుకు పట్టు తగ్గును. మలుపువద్ద నాటిన బోర్డు అప్పటికే పట్టు తప్పిన బ్రేకును బాగుచేయలేదు. దిగు దారి పొడవునా వేగము తక్కువగా ఉండవలెను.

ఈ సత్యమును గ్రహించిన నియమమొకటి మన కండ్లముందే ఉన్నది. తిరుమల మొదటి ఘాటురోడ్డు 1944లో ప్రారంభమైనది. తరువాత రెండవది వచ్చినది. ఈ దారులలో వాహనము బయలుదేరిన సమయము ఒక కొసను, చేరిన సమయము మరొక కొసను చూచి, ఎక్కుటకు కనీసము 28 నిమిషములు, దిగుటకు కనీసము 40 నిమిషములు పట్టవలెనని దేవస్థానమువారు నియమించినారు. దిగుటకే ఎక్కువ కాలము పెట్టుట గమనింపదగినది. పైన చెప్పిన బ్రేకుల ధర్మము ఆ అంకెలో ఇమిడియున్నది. దారి సుమారు 18 కిలోమీటర్లనుకొన్నచో, 40 నిమిషములకు సగటు వేగము గంటకు 27 కిలోమీటర్లు. ఎవడైన 30 నిమిషములలో దిగినచో అతని సగటు 36. దారిలో ఏదో ఒక క్షణమున అతని వేగము తప్పక 36కు చేరియుండవలెను. కలనగణితములోని మధ్యమమూల్య సిద్ధాంతము చెప్పునది ఇదియే. ఇక్కడ సాక్షి అక్కరలేదు, కెమెరా అక్కరలేదు, గడియారము చాలును.

అయినను ఈ నియమములోను ఒక రంధ్రమున్నది. సగటు మించినవాడు తప్పుచేసినట్లు రుజువగును గాని, మించనివాడు సక్రమముగా నడిపినట్లు రుజువు కాదు. వడిగా దిగి, గేటుకు ముందు పది నిమిషములు ఆగినవానిని గడియారము పట్టుకొనలేదు. దారిని మూడు నాలుగు భాగములుగా విభజించి ప్రతి భాగమునకును కాలము చూచినచో ఈ లోపము చాలవరకు తీరును. టోలుగేట్లవద్ద ఫాస్టాగు ప్రతి వాహనము దాటిన సమయమును నమోదు చేయుచునే ఉన్నది. డబ్బు లెక్కకు ఉపయోగించు ఆ గడియారమును ప్రాణముల లెక్కకు ఉపయోగించుటకు శాస్త్రములో అడ్డమేమియు లేదు.

వేగము తగ్గించినచో కాలము వృథా అగునని కొందరందురు. తిరుపతినుండి చిత్తూరుకు సుమారు 70 కిలోమీటర్లు. ఎక్కడను ఆగకుండ 100 వేగముతో పోయిన 42 నిమిషములు, 80తో పోయిన 52న్నర. మిగులునది పదిన్నర నిమిషములు. సగటు వేగము నూటికి ఒకవంతు పెరిగినచో ప్రాణాంతక ప్రమాదపు అవకాశము సుమారు నాలుగు వంతులు పెరుగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పదిన్నర నిమిషముల వెల ఎంతో పాఠకులే తేల్చుకొనవచ్చును.

ఉపాధ్యాయులకు ఒక సూచన. పాఠశాల ప్రక్కన పెద్ద రోడ్డున్నచో, దానికి దూరముగా ప్రహరీగోడ లోపలినుండి కనిపించు రెండు గుర్తులను, 100 మీటర్ల ఎడముతో, ఎన్నుకొనుడు. స్టాపువాచీతో వాహనములు ఆ దూరమును దాటు కాలమును విద్యార్థులచేత కొలిపించుడు. 12 సెకండ్లు పట్టినచో వేగము 30, 7.2 అయిన 50, 3.6 అయిన 100. వారము దినముల పట్టికను వ్రాయించి, ఆగు దూరములను లెక్కకట్టించి, ప్రధానోపాధ్యాయుని ద్వారా పంచాయతీకిని, రోడ్ల శాఖకును పంపించుడు. బోర్డుమీద ఏ అంకె ఉండవలెనో చెప్పు అధికారము విద్యార్థులకు లేదు. ఆ అంకె దేనిని కొలిచి వచ్చినదని అడుగు హక్కు మాత్రము ఆ రోడ్డు దాటి బడికి వచ్చు ప్రతి బాలునకును, బాలికకును ఉన్నది.